చిన్నత్త చేతులు

మొన్న కొత్తకోటలో మా బడి టీచరమ్మ మనవరాలి పుట్టినరోజుకు వెళ్తే, ఒకమ్మాయి చంకలో పిల్లనేసుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. పిల్లకింకా పళ్ళు కూడా సరిగా రాలేదు. ఆ అమ్మాయి పిల్ల మొహం ముందు పిడికిలి మూసి తెరిచి, "చూడండి మేడమ్, పాలు కావాలంటె గిట్ల చేత్తోని అడుగుతది. మాటలు రాకముందుకే! ఇది ఇప్పుడు కొత్తగ వచ్చింది. ఫోన్ల చూసి నేర్పిస్తున్న" అన్నది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా అబ్బ అన్నారు. నేను నోట్లో ఉన్న మిర్చిబజ్జీ మింగలేక కక్కలేక కూర్చున్నాను.

కొత్తగా వచ్చిందట! ఆ ఫోన్లూ వీడియోలూ లేని రోజుల్లో, వనపర్తిలో, ఈ కొత్త విద్య మీద మా ఇంట్లో కురుక్షేత్రం జరిగింది. అప్పుడెవరూ అబ్బ అనలేదు. ఆ విద్య తెచ్చిన మనిషి అన్ని మాటలూ పడింది, అంతకు రెట్టింపు మాటలు మాకు అప్పజెప్పింది. పోయి ఇన్నేళ్ళైనా ఆమెను తలుచుకుంటే నాకు ముందు దుఃఖం రాదు, తిక్క వస్తుంది.

ఆమె మా అత్తమ్మకు చెల్లెలు. నాకు చిన్నత్త. పెళ్ళి చేసుకోలేదు. హైదరాబాదులో చెవులు వినపడని పిల్లల బడిలో పాఠాలు చెప్పింది. ఆ పిల్లల హాస్టల్లోనే ఒక గదిలో బతికింది. రిటైరై గద్వాలలో తండ్రి ఇల్లు దులుపుకుని దిగింది. సరిగ్గా ఆ ఏడే నాకు పాప పుట్టింది, అత్తమ్మకు మోకాళ్ళు పట్టేశాయి. నేనేమో పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని ఖిల్లా ఘణపూర్ బస్సెక్కి, ఆ దగ్గరి ఊళ్ళో బడిలో పాఠాలు చెప్పడానికి పోయేదాన్ని. పిల్లను చూసుకునే మనిషి కావాలి. మా ఆయన మెల్లగా, "చిన్నమ్మను పిలుస్తె ఎట్లుంటది?" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్నకు ఆయన్ని ఇప్పటికీ దెప్పుతుంటాను.

ఆమె చేతులు ఒక్క చోట ఉండేవి కావు. టీ గ్లాసు ఎప్పుడూ ఎడం చేత్తోనే పట్టుకునేది, కుడి చెయ్యి మాటకు ఖాళీగా ఉండాలట. మనం మాట్లాడుతుంటే మన మొహం చూడదు, మన చేతులు చూస్తుంది. నా చేతిలో గరిటె ఉంటే గరిటె వైపు, చీపురు ఉంటే చీపురు వైపు అంత శ్రద్ధగా చూస్తుంటే నాకు చెప్పాలనుకున్నది మరిచిపోయేది. గద్వాల బస్సులో కండక్టర్ టికెట్ అడిగితే నోరు తెరవకుండా వేలు చూపించేదట. "పాపం, మూగామె, జర జరుగుండ్రి" అని అతను సీటు ఇప్పించాడు ఒకసారి. అంతే, బీచుపల్లి బ్రిడ్జి దాటేదాకా అతనికి క్లాసు. "మూగ అనొద్దు. చెవులు ఇనపడవు, గంతే. వాళ్ళకు నీకంటె ఎక్కువ మాటలు తెలుసు" అని. అతను "మరి నీకు ఇనపడుతుంది గదమ్మా" అన్నాడట. ఆ గొడవ మా ఇంటికొచ్చి మళ్ళీ మొదటి నుంచి చెప్పింది, తప్పంతా కండక్టర్‌దే అన్నట్టు.

పాప ఇంకా దోగాడటం మొదలుపెట్టలేదు, ఈమె పాఠాలు మొదలుపెట్టింది. పాలంటే బర్రెను పిండినట్టు పిడికిలి మూసి తెరవాలి. ఇంకా కావాలంటే రెండు చేతుల వేళ్ళ కొసలు కలిపి తట్టాలి. చాలంటే అరచేతులు తిప్పి చూపాలి. ఇవన్నీ తన బడిలో పిల్లల సైగలు. "మాట రావాల్నంటె నాలిక తిరగాలె, దానికి టైమ్ పడుతది. చేతులు ముందుగాల తిరుగుతయ్. అప్పటిదాంక పిల్ల ఏడ్సుకుంట కూసోవాల్నా?" అనేది.

వినడానికి బాగానే ఉంది. కానీ పిల్లకు ఆకలైతే పాలగ్లాసు వీపు వెనక పెట్టుకుని కూర్చునేది చూడండి, అక్కడ మండేది మాకు. పాప గుక్కపట్టి ఏడుస్తుంటుంది. ఈమె చలించదు. "అడగనీ. ముందుగాల అడగనీ" అంటుంది.

"పాపిష్టిదాన, పసిపిల్ల ఏడుస్తుంటె పాలు దాస్తవా? నీకు కన్నకడుపు గాదు గాబట్టి తెల్వదు" అని అత్తమ్మ మోకాళ్ళ నొప్పి మరిచి లేచొచ్చేది.

"దండం పెట్టు అంటె పెడ్తలేదా అక్కా? టాటా చెప్పు అంటె చెయ్యి ఊపుతలేదా? గవి సైగలు గావా? నువ్వు నేర్పితె ముద్దు, నేను నేర్పితె పాపమా?"

ఆ మాటకు జవాబుగా అత్తమ్మ వసకొమ్ము తెప్పించింది. పసిపిల్లల నాలుక మీద వస అరగదీసి రాస్తే మాటలు గలగలా వస్తాయని మా వైపు నమ్మకం. పొద్దున సానరాయి మీద వస అరగదీయడం, పాప మొహం చిట్లించి అరచేతులు తిప్పి చాలనడం, "చూడక్కా, వద్దని చెప్తుంది!" అని చిన్నత్త గెలిచినట్టు గంతేయడం, "అది వద్దన్నా రాస్త, నువ్వు వద్దన్నా రాస్త. నోర్ముయ్యే" అని అత్తమ్మ కసరడం. బడికి బయల్దేరే వేళ నాకు ఇదే సుప్రభాతం.

పాప మాత్రం నేర్చుకుంది. అందులో అబద్ధం చెప్పను. పిడికిలి మూసి తెరిచి నా వైపు చూసిన మొదటి సాయంత్రం నా ఒళ్ళు ఝల్లుమంది. చంకలోంచి వంగి కుక్కను చూపి సైగ, చందమామను చూపి సైగ. నీళ్ళకు బొటనవేలు నోటి దగ్గర పెట్టేది. మా ఆయన ఆఫీసు వాళ్ళు ఇంటికొచ్చిన రోజు వాళ్ళ ముందు నిలబడి అదే పనిగా బొటనవేలు నోటికి ఎత్తుతుంటే, వాళ్ళు మా ఆయన్ని చూసి ఒకటే నవ్వు. ఆయన నీళ్ళకని ఎంత చెప్పినా వినలేదు.

అన్నీ చేతులే. నోట్లోంచి మాట లేదు. పక్కింటి పిల్లవాడు పాపకంటే చిన్నవాడు, వాడు అత్త, తాత అంటున్నాడు. మా పాప అమ్మ అనలేదు. ఏడాది దాటింది, ఏడాదిన్నర దాటింది. అమ్మలక్కలు వచ్చి, పాప చేతులు తిప్పుతుంటే చూసి, నా వైపు జాలిగా చూసి వెళ్ళేవాళ్ళు. ఒకామె గడప దిగుతూ, "పెద్దోళ్ళు ఏది చేస్తె పిల్లలు గదే జేస్తరు. మూగసైగలు నేర్పితె మూగనే అయితది" అన్నది. ఆ మాట నాకు గుండెల్లో దిగింది. బడిలో పిల్లలతో ఎక్కాలు చెప్పిస్తుంటే అందరి నోళ్ళూ చూస్తూ మా పాప నోరు గుర్తొచ్చేది. నా బిడ్డ నన్ను ఒక్కసారి అమ్మా అంటే చాలు, ఇంకేమీ వద్దు అనుకునేదాన్ని. ఇంటికొచ్చి చిన్నత్తను చూస్తే ఒళ్ళు మండేది.

చిలక కొట్టిన జామకాయ తినిపిస్తే మాటలొస్తాయని ఎవరో చెబితే, మా ఆయన తోటల వెంట తిరిగి తెచ్చాడు. చిలక కొట్టిందో ఉడుత కొరికిందో ఆయనకే తెలియాలి.

చివరికి పాలమూరు తీసుకెళ్ళి పిల్లల డాక్టరుకు చూపించాం. ఆయన పాప వెనక నిలబడి చప్పట్లు కొట్టాడు, గంట మోగించాడు. పాప గిర్రున తిరిగి చూసింది. "చెవులు మంచిగున్నయ్. చేతులతోటి చెప్తే నష్టమేం లేదు. ఇంట్ల పాపతోటి ఎవరు మాట్లాడుతరు?" అని అడిగాడు.

నాకు నవ్వొచ్చింది. "ఇద్దరు అత్తలుండ్రు సార్. మా ఇల్లు నోరు మూసుకునే ఇల్లు గాదు" అన్నాను.

అలా అన్న కొన్నాళ్ళకే ఊళ్ళో ఎవరో పెద్దమనిషి పోయాడని మా బడి మధ్యాహ్నం వదిలేశారు. ఎండలో బస్సు దిగి ఇంటికొచ్చాను. కరెంటు పోయింది. టీవీ లేదు, ఫ్యాను లేదు. అత్తమ్మ లోపలి గదిలో నిద్రపోతోంది. వసారాలో చాప మీద చిన్నత్త, ఆమెకు ఎదురుగా పాప. నేను గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఆగిపోయాను.

చిన్నత్త చేతులు ఆడుతున్నాయి. ఏదో కథ చెబుతోంది. వేళ్ళు చెట్టెక్కాయి, దూకాయి, తోక ఊపాయి. మొహంలో భయం, నవ్వు, కోపం అన్నీ వస్తున్నాయి. పాప పడీపడీ నవ్వి, వేళ్ళ కొసలు తట్టి ఇంకా అంటోంది. ఆమె మళ్ళీ చెబుతోంది. చాలాసేపు నిలబడ్డాను. ఆ సేపంతా చిన్నత్త నోట్లోంచి ఒక్క శబ్దం రాలేదు. పెదవులు కూడా కదల్లేదు.

మాతో పోట్లాడేటప్పుడు ఇల్లెగిరిపోయే గొంతు ఆమెది. మా అందరి గొంతుల గోలలో, ఆమె పాపతో మాత్రం నోరు మెదపదన్నది ఒక్కరం గమనించలేదు. పగలంతా నా బిడ్డ తనను చూసుకునే మనిషి నోట ఒక్క మాట కూడా వినకుండా పెరుగుతోంది.

"చిన్నత్తమ్మా!" అని అరిచాను. పాప ఉలిక్కిపడింది. "మీకు దండం పెడత. జర నోటితోటి మాట్లాడుండ్రి దానితోని! పొద్దంత గిట్లనే నోరు మూసుకొని ఉంటె దానికి మాటలు యాడికెల్లి వస్తయ్?"

ఆమె నన్ను వింతగా చూసింది. కోపం కూడా తెచ్చుకోలేదు.

"మాట్లాడుతనే ఉన్న గదనే. పొద్దుగాల్నుంచి కోతి కథ చెప్పి చెప్పి గొంతు ఎండిపోయింది. గా నీళ్ళ చెంబు ఇటియ్యి."

"మీరు మాట్లాడుతలేరు. నేను ఇప్పటిదాంక ఈడనే నిలవడ్డ. ఒక్క మాట ఇనపడలే."

ఆమె గొంతు మీద చెయ్యి వేసుకుంది. పాప వైపు చూసింది, నా వైపు చూసింది. "ఇనపడలేదా?" అన్నది మెల్లగా. "నేను చెప్పిన గద."

ఆమె అబద్ధమాడటం లేదు. వినపడని పిల్లల మధ్య అన్నేళ్ళు బతికి, చేతులు కదిపితే చాలు, చెప్పేశాననే అనుకుంటుంది. గొంతు పలికిందో లేదో ఆమెకే తెలియడం లేదు. మా పాపకు కథ చెప్పానని, పాట పాడానని, పేరు పెట్టి పిలిచానని ఆమె లెక్క. నాకు ఆమె మీద జాలేసింది. కోపం మాత్రం ఒక్క పిసరు తగ్గలేదు. అక్కడే గడప మీద కూర్చుని ఏడ్చాను. చిన్నత్త లేచి తనే చెంబుతో నీళ్ళు తెచ్చి నాకిచ్చింది.

మర్నాటి నుంచి మరో రకం హింస మొదలైంది. నోటితో చెప్పాలని ఆమెకు గట్టిగా పట్టుకుంది. నోరు తెరిస్తే చేతులు ఆగిపోతాయి, చేతులు ఆడితే నోరు మూతపడుతుంది. రెండూ కలపడానికి ఆమె ముసలితనంలో సైకిల్ నేర్చుకున్నంత తిప్పలు పడింది. రెండూ కలిసినప్పుడు వచ్చిన గొంతు ఎలా ఉండేదంటే, బస్టాండులో మైకు కూడా దాని ముందు తక్కువే. "ప-ప్పు! అ-న్నం! పె-రు-గు!" అని పిల్ల చెవిలో డిక్టేషన్. వీధిలో పోయేవాళ్ళు తొంగి చూసేవాళ్ళు. అత్తమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని కన్నీళ్ళు కారేలా నవ్వేది. "ఇంతకుముందే మంచిగుండె గదనే" అనేది నాతో. నాకు నవ్వే ఓపిక కూడా లేదు. పాప నోటి వైపు చూస్తూ ముద్దలు పెట్టడమే నా పని.

ఒకరోజు అలాగే అన్నాల వేళ. చిన్నత్త పాప ముందు కూర్చుని, "చా-రు! చా-రు!" అని ఊరంతా లేపుతోంది. పాప నమలడం ఆపింది. ఆమె మొహంలోకి సూటిగా చూసింది. చెయ్యి అడ్డం పెట్టి, స్పష్టంగా, గుండ్రంగా అన్నది.

"నోర్ముయ్."

అత్తమ్మ రోజూ చెల్లెల్ని అనే మాట. అదే విరుపు, అదే చిరాకు. నా బిడ్డ మొదటి మాట అది. అమ్మ కాదు, అత్త కాదు. చిన్నత్త కంచం పక్కకు తోసి లేచి, "అక్కా! మాట్లాడింది! నన్నే అన్నది! నోర్ముయ్యన్నది!" అని పాపను ఎత్తుకుని ఇల్లంతా తిరిగింది. తిట్టించుకుని అంత మురిసిపోయిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆ సాయంత్రమే వస వల్లనని అత్తమ్మ, జామకాయ వల్లనని మా ఆయన, చేతుల వల్లనని చిన్నత్త కొట్లాట పెట్టుకున్నారు. నన్ను తిట్టినా పరవాలేదు, మాట్లాడింది చాలని నేను దేవుడికి దీపం పెట్టుకున్నాను.

ఆ తర్వాత పాప ఆగలేదు. నెల తిరిగేసరికి అమ్మా అన్నది, నాన్నా అన్నది, లేచింది మొదలు పడుకునేదాకా వాగుడే. మాట ఒకటి వచ్చినప్పుడల్లా సైగ ఒకటి పోయింది. పాల పిడికిలి పోయింది, కుక్క పోయింది, చందమామ పోయింది. చిన్నత్త మాత్రం చాప మీద కూర్చుని చేతులు ఆడిస్తూనే ఉండేది. పాప కాసేపు చూసి, "చిన్నవ్వా, నోటితోని చెప్పు" అని వెళ్ళిపోయేది. చిన్నత్త చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. అవి అంతసేపు ఊరకుండటం నేను అప్పుడే చూశాను.

అప్పుడు నాకు అర్థమైంది, ఆమె అసలు అవస్థ ఏమిటో. గద్వాలలో ఆమె భాష వచ్చిన మనిషి లేరు. వనపర్తిలో లేరు. రెండు ఊళ్ళు గాలించి ఈమె సంపాదించుకున్నది ఒక్క చంటిపిల్లను. ఆ పిల్లకేమో మాటలొచ్చాయి. ఈ సంగతి ముందే నోరు విప్పి చెబితే ఏం పోయింది? చెప్పదు. మనల్ని పరేషాన్ చేసి, పిల్లకు మంచిదంటూ పాఠాలు చెప్పి, మన కోపమంతా మనతో ఖర్చు పెట్టించి, చివరికి ఇలా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది.

నేను సైగలు నేర్చుకున్నది జాలితో కాదు. అత్తమ్మ వల్ల. ఒకసారి అత్తమ్మ టీవీ సీరియల్ చూస్తూనే నా కూరకు వంకలు పెడుతుంటే, చిన్నత్త నా వైపు చూసి చేతులతో ఏదో అన్నది. నాకు అర్థం కాలేదు, కానీ నవ్వొచ్చింది. ఏమన్నారో వంటింట్లో అడిగి తెలుసుకున్నాను. మర్నాడు నేనొకటి అన్నాను. అంతే, అత్తగారు ఎదురుగా కూర్చుని ఉండగానే అత్తగారి మీద చాడీలు చెప్పుకునే భాగ్యం ఏ కోడలికి దొరుకుతుంది? కానీ అందులోనూ సుఖం లేదు. నేను ఉప్పు గురించి తిట్టబోతే, "ఉప్పుకు వేలు గట్ల వంగొద్దు" అని మధ్యలో ఆపి సరిదిద్దేది. తిట్టు చల్లారిపోయేది. నేను విసుక్కునేదాన్ని. ఆమె ఎదురు విసుక్కునేది. ఒక్క శబ్దం లేకుండా ఇద్దరం వంటింట్లో గిన్నెల మధ్య పోట్లాడుకునేవాళ్ళం. ఆమె గద్వాల వెళ్ళిపోయాక కూడా, మధ్యలో నాగర్‌కర్నూల్‌లో మా ఆడబిడ్డ కొడుక్కి సైగలు నేర్పబోయి వారం తిరక్కుండా వాళ్ళు బస్సెక్కించి పంపేశాక కూడా, పండక్కో పబ్బానికో వనపర్తి వచ్చి నాతో ఆ పోట్లాట పూర్తిచేసి పోయేది.

పాప రెండో తరగతిలో ఉండగా చిన్నత్త గద్వాలలో పోయింది, నిద్రలోనే. మేం చేరేసరికి వాకిట్లో జనం ఉన్నారు. గోడవార ఒక గుంపు నిలబడి ఉంది. ఆడవాళ్ళు, మగవాళ్ళు, ఒకరిద్దరికి జుట్టు కూడా నెరిసింది. ఆమె దగ్గర చదువుకున్న పిల్లలు. హైదరాబాదు నుంచి పొద్దున్నే వచ్చారట. చేతులు వేగంగా ఆడుతున్నాయి. మా వాళ్ళు వాళ్ళ దగ్గరికి పోయి, గట్టిగా అరిస్తే వినపడుతుందన్నట్టు, "కూసోండ్రి! కూసోండ్రి!" అని అరుస్తున్నారు. నాకు మళ్ళీ తిక్క రేగింది. వెళ్ళి వాళ్ళ ముందు నిలబడి, నేను ఆమె అక్క కోడల్నని చేతులతో చెప్పాను.

వాళ్ళంతా నా చుట్టూ మూగారు. నాకొచ్చిన సైగలన్నీ వంటింటివి, చాడీలవి. పరామర్శకు పనికొచ్చేది ఒక్కటీ రాదు. అందులో నీలం చీర కట్టుకున్న పొడుగామె నెమ్మదిగా, నాకు అర్థమయ్యేలా అడిగింది. మా టీచర్ చేతులు నేర్పానని చెప్పిన చిన్న పాప నీ కూతురేనా? మాట్లాడుతుందా?

నోరు మూయదు, అన్నాను.

మరి మాటలొచ్చే పిల్లకు మా చేతులెందుకు నేర్పింది?

ఆమెకు మాట్లాడుకోవడానికి మనిషి కావాలి, అన్నాను. ఈ ఊళ్ళో లేరు. మా ఊళ్ళో లేరు.

దొరికారా?

పాప దొరికింది. పాపకు మాటలొచ్చాయి. తర్వాత నేను.

నువ్వు మాట్లాడేదానివా ఆమెతో?

మాట్లాడలేదు, కొట్లాడాను, అన్నాను. రోజూ.

వాళ్ళు ఒక్కసారిగా నవ్వారు. వాళ్ళ నవ్వు ఎంత పెద్దదో వాళ్ళకు తెలియదు. చావింట్లో ఆ నవ్వు విని వాకిట్లో జనమంతా తిరిగి చూశారు. నవ్వుతున్న వాళ్ళ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. నాకూ అంతే.

లోపల చెల్లెలి తల దగ్గర కూర్చున్న అత్తమ్మ గుమ్మం పట్టుకుని బయటికొచ్చింది. "ఏందే ఆ నవ్వుడు? ఏమంటుండ్రు వాళ్ళు?"

"చిన్నత్తకు మాట్లాడుకోనీకె ఎవరన్న ఉండిరా అని అడుగుతుండ్రు, అత్తమ్మా."

అత్తమ్మ వాళ్ళందరినీ ఒకసారి చూసింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"మేముంటిమని చెప్పు" అన్నది, నా మీద కసురుకుంటున్నట్టే.

నేను వాళ్ళ వైపు తిరిగి చెప్పాను.